అప్పగింతలు

ఆఫీసుల్లో రోజుకి పదిసార్లు వినపడే 'డెలిగేషన్' అన్న మాటకి తెలుగులో సరైన మాట ఏమిటా అని వెతకబోతే నాకు అరడజను దొరికాయి. పురమాయించడం ఉంది. చెప్పి చేయించుకోవడం ఉంది. అప్పజెప్పడం, అప్పగించడం ఉన్నాయి. కాస్త కడుపు మండినవాళ్ళు వాడే అంటగట్టడం, నెత్తిన రుద్దడం కూడా ఉన్నాయి. ఇంగ్లీషువాడు ఒకే డబ్బాలో పోసేసిన సరుకుని మనవాళ్ళు విడివిడిగా పొట్లాలు కట్టి పెట్టారన్నమాట. ఆ పొట్లాలు విప్పి చూస్తే, ప్రతిసారీ పని చేతులు మారుతున్నా, పనితో పాటు ఇంకా ఏం చేతులు మారుతోందన్నది మాత్రం వేరువేరుగా ఉంటుంది.

"ఒరే, కొట్టుకెళ్ళి కిలో పంచదార పట్రా" అంటే అది పురమాయింపు. చిల్లర ఎంత వెనక్కి రావాలో కూడా పంపినవాళ్ళకి ముందే తెలుసు. "విడిది సంగతంతా నువ్వే చూసుకో తమ్ముడూ" అంటే అది అప్పగింత. విడిదింట్లో వేణ్ణీళ్ళు చాలకపోయినా, మంచాలు తక్కువైనా, కాఫీలో పంచదార ఎక్కువైందని వియ్యపురాలు మూతి ముడిచినా ఏం చెయ్యాలో ఆ తమ్ముడే ఆలోచించుకోవాలి. చీటికీ మాటికీ అన్నగారి దగ్గరికి పరిగెత్తకూడదు. అంతవరకూ బాగానే ఉంది. కానీ మగపెళ్ళివారు నిజంగానే అలిగి పందిట్లోకి రామని కూర్చుంటే, చేతులు జోడించుకుని వెళ్ళి నిలబడేది ఎవరు? ఆడపిల్ల తండ్రే. "విడిది మా తమ్ముడికి అప్పగించానండీ, వెళ్ళి అతన్నే అడగండి" అని ఏ తండ్రీ అనగా నేను వినలేదు. అన్నా ఎవరూ ఒప్పుకోరు.

నన్ను చాలాకాలంగా పట్టుకుని వదలని ప్రశ్న ఇక్కడే ఉంది. పని ఇంకొకరికి ఇవ్వచ్చు. దాని మీద పెత్తనం కూడా ఇవ్వచ్చు. జవాబు చెప్పుకోవలసిన బాధ్యతని ఇవ్వగలమా? ఇరవయ్యేళ్ళుగా ఈ దేశంలో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో పని చేస్తూ, పని తీసుకునేవాడిగా కొన్నాళ్ళు, ఇచ్చేవాడిగా కొన్నాళ్ళు బల్లకి రెండువైపులా కూర్చున్నాక, దీన్ని మేనేజిమెంటు పాఠంగా కన్నా నీతి ప్రశ్నగా చూడాలని నాకు అనిపిస్తోంది.

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్ళకి ప్రతి కంపెనీలోనూ ఓ పూట క్లాసు పెడతారు. ఏ పని ఇవ్వాలో చూసుకో, ఎవరికివ్వాలో చూసుకో, ఏం కావాలో ఎప్పటికి కావాలో విడమరిచి చెప్పు, మధ్యలో ఒకటి రెండుసార్లు వాకబు చెయ్యి, అయిపోయాక మెచ్చుకో. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. 1974లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో విలియం ఆంకెన్, డొనాల్డ్ వాస్ అనే ఇద్దరు రాసిన వ్యాసం కూడా ఈ క్లాసుల్లో తరచుగా వస్తుంది. కింది ఉద్యోగి వరండాలో ఎదురై "సార్, ఓ సమస్యొచ్చింది" అంటాడు. మేనేజరు "సరే, ఆలోచించి చెప్తాలే" అంటాడు. ఆ క్షణంలో ఉద్యోగి భుజం మీదున్న కోతి చెంగున మేనేజరు భుజం మీదికి దూకుతుంది. అలా సాయంత్రానికి మేనేజరు గదినిండా కోతులే. ఉద్యోగి మాత్రం హాయిగా ఇంటికెళ్ళిపోతాడు. క్లాసులో అందరూ నవ్వుతారు, నేనూ నవ్వాను. కోతిని ఎవరిది వాళ్ళకి తిరిగి పంపాలన్నంతవరకూ నాకు పేచీ లేదు. క్లాసులో చెప్పనిదల్లా, కొన్ని కోతులు మొదట్నించీ మేనేజరువేననీ, అవి ఎంత తరిమినా ఎవరి భుజానికీ అతుక్కోవనీ.

అసలు పని ఎవరికీ ఇవ్వలేని మనుషుల గురించి కూడా ఓ మాట చెప్పాలి. ప్రోగ్రామర్లుగా మొదలై మేనేజర్లయినవాళ్ళలో వీళ్ళు చాలామంది. "చెప్పేలోపు నేనే చేసేస్తాను" అన్నది వీళ్ళ మంత్రం. అది అబద్ధం కూడా కాదు. ఫ్రెడరిక్ బ్రూక్స్ ఐబీఎంలో ఓఎస్/360 కట్టిన అనుభవంతో 1975లో వేసిన 'ది మిథికల్ మ్యాన్ మంత్' పుస్తకంలో, ఆలస్యమైన ప్రాజెక్టుకి ఇంకా మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని చెప్పాడు. కొత్తవాళ్ళకి చెప్పడానికే పాతవాళ్ళ టైమంతా పోతుంది మరి. కాబట్టి మంట అంటుకున్నాక చెప్పడం మొదలుపెడితే లాభం లేదు. ముందే చెప్పుకోవాలి. ఆ మాట అలా ఉంచితే, నేను చూసినంతలో ఇలా అన్నీ తమ మీదే వేసుకునేవాళ్ళలో సగం మందిది పని మీద ప్రేమ, సగం మందిది మనుషుల మీద అపనమ్మకం. రెండో రకాన్ని మొదటి రకంగా చెప్పుకోవడం చాలా తేలిక.

నా మనసులో నాటుకుపోయింది మాత్రం ఇంకో సంఘటన. కొన్నేళ్ళ క్రితం తూర్పుతీరంలో ఒక బీమా కంపెనీలో బిల్లింగ్ సిస్టం పాతదాన్నించి కొత్తదానికి మారుస్తున్నారు. నేను అందులో వేరే భాగం చూసే కన్సల్టెంటుని. పాత పాలసీల వివరాలు కొత్త సిస్టంలోకి ఎక్కించే పని హైదరాబాదులో ఉన్న ఒక కుర్రాడిది. రెండేళ్ళ అనుభవం. థాంక్స్‌గివింగ్ ముందురోజు, బుధవారం సాయంత్రం, ఇక్కడి మేనేజరు అతనికి ఓ ఫైలు పంపి సోమవారం పొద్దుటికల్లా ఎక్కించెయ్యాలని రెండు లైన్ల మెయిలు కొట్టి సెలవులకి వెళ్ళిపోయాడు. కుర్రాడు తెరిచి చూస్తే కొన్ని వందల పాలసీలకి ప్రీమియం గడువు తేదీ ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో ఏ డాక్యుమెంటులోనూ లేదు. గురువారం మెయిలు పెట్టి అడిగాడు. శుక్రవారం మళ్ళీ అడిగాడు. ఇక్కడ అందరూ టర్కీ కోతల్లోనూ, బ్లాక్ ఫ్రైడే క్యూలలోనూ ఉన్నారు. ఒక్కరూ పలకలేదు.

శీతాకాలంలో మాకూ హైదరాబాదుకీ పదిన్నర గంటల తేడా. అక్కడ సోమవారం తెల్లవారుతుంటే ఇక్కడ ఇంకా ఆదివారం సాయంత్రమే. చెప్పిన గడువు దగ్గర పడుతోంది. కుర్రాడు తనకి తోచినట్టు ఆ ఖాళీల్లో పాలసీ మొదలైన తేదీ వేసి ఎక్కించేశాడు. సోమవారం పొద్దున్న కొత్త సిస్టం ఆ తేదీలు చూసి, మీ గడువు ఎప్పుడో దాటిపోయింది, పాలసీ రద్దు కాబోతోందని వాళ్ళందరికీ నోటీసులు పంపేసింది. ఇరవయ్యేళ్ళుగా ఒక్క నెలా తప్పకుండా కడుతున్న ముసలివాళ్ళు గాభరాపడి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నం కాన్ఫరెన్స్ కాల్. ముప్ఫై మందిమి ఉన్నాం లైన్లో. పై అధికారి "ఎవరు చేశారిది?" అని అడిగాడు. మేనేజరు తడుముకోకుండా ఆ కుర్రాడి పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, తప్పుగా పలుకుతూ. ఎవర్నీ అడక్కుండా సొంతంగా ఊహించి చేశాడన్నాడు. అక్కడ రాత్రి పదకొండు దాటింది. కుర్రాడు లైన్లోనే ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు.

కాల్ అయ్యాక తను పెట్టిన రెండు మెయిళ్ళూ నాకు పంపాడు. తెలుగువాణ్ణి కదా, చెప్పుకోవచ్చనుకున్నాడేమో. వాటిని నేను మేనేజరు ముందు పెట్టాను. ఆయన చదివి, "అడిగితే సరిపోదు, జవాబొచ్చేదాకా వెంటపడాలి. ఫోన్ చెయ్యచ్చుగా?" అన్నాడు. ఆయన ఫోన్ నంబరు ఆ కుర్రాడికి ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చినా, పండగపూట క్లయింటు మేనేజరు ఇంటికి ఫోన్ చేసి లేపే ధైర్యం, ఎదుటివాళ్ళు కూర్చోమనేదాకా నిలబడే ఉండాలని నేర్చుకుని పెరిగిన మనవాడికి ఎక్కణ్ణించి వస్తుంది? రెండు వారాల్లో అతన్ని ప్రాజెక్టులోంచి తీసేశారు. వెళ్ళేముందు నాతో ఫోన్లో అన్నాడు: "నేను అడిగానండీ. చెయ్యకుండా ఊరుకుంటే పని చెయ్యలేదంటారు. చేస్తే ఎవరు చెయ్యమన్నారంటారు. మీరైతే ఏం చేసేవారండీ?"

నేనైతే ఆ ఖాళీ పాలసీలని పక్కన పెట్టి మిగతావి ఎక్కించేవాణ్ణి. అదే చెప్పాను. కానీ అలా ఆపే ధైర్యం నాకు ఇరవయ్యేళ్ళ అనుభవం ఇచ్చింది. రెండేళ్ళవాడికి ఆ ధైర్యం పని ఇచ్చినవాడు ఇవ్వాలి. "అనుమానం వస్తే ఆపేసెయ్, సోమవారం నేను చెప్పుకుంటాను" అన్న ఒక్క వాక్యం ఆ మెయిల్లో ఉంటే చాలు. అది లేదు కనక, గడువు దాటితే తన ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కటే అతనికి దారి చూపించింది.

అలాగని కుర్రాడిది తప్పు లేదని నేననను. తెలియనిచోట తెలిసినట్టు ఓ తేదీ వెయ్యడం మా వృత్తిలో తప్పే. అయితే అతని తప్పు ఉన్నంత మాత్రాన మేనేజరు తప్పు తగ్గుతుందా? ఇలాంటప్పుడు అందరూ లెక్కలు వేస్తారు, వీడిది అరవై వంతులు, వాడిది నలభై అని. తప్పేమైనా బెల్లం ముక్కా, పంచుకుంటే తరగడానికి? పనిచేసినవాడి తప్పు పనిచేసినవాడికి నిండుగా ఉంటుంది, పని ఇచ్చినవాడి తప్పు ఇచ్చినవాడికి నిండుగా ఉంటుంది. ఒకరిది చూపించి ఇంకొకరు తప్పించుకోవడానికి వీల్లేదు.

వెనకటి రోజుల్లో అత్తగార్లు కోడలికి వంటిల్లు అప్పగించేవారు గానీ కొట్టుగది తాళాలు మాత్రం తమ బొడ్లోనే దోపుకునేవారు. పదిమంది చుట్టాలొచ్చారు, వంట చెయ్యమ్మా అంటారు. కందిపప్పు కావాలంటే తాళం అడగాలి. నెయ్యి కావాలంటే మళ్ళీ అడగాలి. అత్తగారు పేరంటానికి వెళ్ళి ఆలస్యంగా వస్తే వంట ఆలస్యమవుతుంది. చుట్టాల ముందు మాట పడేది మాత్రం కోడలే. ఈ కుర్రాడి సంగతీ అంతే. ఆ తేదీలు సరిచూసుకోవడానికి పాత డేటాబేసు చూసే పర్మిషన్ అతనికి లేదు. ఆపడానికి అధికారం లేదు. అడగడానికి నంబరు లేదు. వంటిల్లు మాత్రం అతనిది.

ఈ మాటలు చెప్తే ఆ మేనేజరుని దుర్మార్గుడనుకుంటారేమో. కాదు. పిల్లల పుట్టినరోజులకి టీమందరికీ కేకు తెచ్చే మనిషి. ఆన్‌సైట్, ఆఫ్‌షోర్ అనే ఈ ఏర్పాటులోనే ఓ గుణం ఉంది. పని క్లయింటు నోట్లోంచి బయల్దేరి ఇక్కడి మేనేజరు, ఆన్‌సైట్ కోఆర్డినేటరు, అక్కడి టీమ్ లీడ్, ఇలా నాలుగు చేతులు మారి చివరి మనిషిని చేరుతుంది. చేతులు మారిన ప్రతిసారీ 'ఏమిటి' అన్నది మిగులుతుంది, 'ఎందుకు' అన్నది ఆవిరైపోతుంది. ఆ తేదీని బట్టే నోటీసులు వెళ్తాయని, వాటిని అందుకునేది డెబ్బయ్యేళ్ళ ముసలమ్మలని ఆ కుర్రాడికి తెలిసుంటే చెయ్యి ఆగి ఉండేది. అతనికి కనపడినది ఖాళీ గడి ఒక్కటే.

చిన్నప్పుడు మాస్టారికి పాఠం అప్పజెప్పేవాళ్ళం. పని ఇవ్వడానికీ, నేర్చుకున్నది తిరిగి చెప్పడానికీ మనకి ఒకే మాట ఉండటం నాకు భలే నచ్చుతుంది. పని అప్పజెప్పినవాడు, తీసుకున్నవాడి చేత దాన్ని ఓసారి అప్పజెప్పించుకోవాలి. చిలకలా కాదు, సొంత మాటల్లో. ఏం చెయ్యబోతున్నాడో, ఎవరికోసమో అతని నోటితో విన్నప్పుడు మనం చెప్పడం ఎక్కడ మర్చిపోయామో మనకే తెలుస్తుంది. పావుగంట పని.

ఎందుకో తెలిసి వెళ్ళిన మనిషి ఎలా ఉంటాడో చూడాలంటే మనకి సుందరకాండ ఉంది. సీత ఎక్కడుందో వెతికి రమ్మని సుగ్రీవుడు నెల గడువు పెట్టి నాలుగు దిక్కులకీ వానరులని పంపాడు. దక్షిణానికి వెళ్ళిన గుంపుకి నాయకుడు అంగదుడే అయినా రాముడు ఉంగరం హనుమంతుడి చేతికిచ్చాడు. ఆజ్ఞ వరకూ చూస్తే చూసి రావడమే. వనం పెరికెయ్యమని గానీ, లంక కాల్చమని గానీ ఎవరూ చెప్పలేదు. సీత కనపడ్డాక హనుమంతుడు ఆలోచిస్తాడు: చెప్పిన పనికి భంగం రాకుండా దానితోపాటు మరికొన్ని పనులు కూడా చక్కబెట్టుకొచ్చేవాడే సమర్థుడు గదా అని. శత్రువు బలమెంతో తెలుసుకుని వెళ్తే రేపటి యుద్ధానికి పనికొస్తుందని అతనికి తెలుసు. అదీ 'ఎందుకు' తెలియడమంటే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. నా వీపు మీద కూర్చో తల్లీ, ఇప్పుడే రాముడి దగ్గర దింపుతానని హనుమంతుడు అడుగుతాడు. సీత వద్దంటుంది. రాముడే వచ్చి తనని తీసుకెళ్ళాలంటుంది. అంతటి బలవంతుడూ అక్కడితో ఆగిపోతాడు. లంకకి నిప్పుపెట్టే స్వతంత్రం తీసుకున్నవాడే, ఈ నిర్ణయం మాత్రం తనది కాదని గుర్తుపట్టాడు. తిరిగొచ్చాక రాముడు, నిన్ను లంక ఎవరు కాల్చమన్నారని అడగలేదు. చెప్పిన దానికంటే ఎక్కువ చేసుకొచ్చినవాడే ఉత్తముడని మెచ్చుకుని, ఇవ్వడానికి నా దగ్గర ఇంతకన్నా ఏమీ లేదని కౌగలించుకున్నాడు. (సంజీవని సంగతి వేరే. మూలిక ఏదో పోల్చుకోలేక కొండంతా తెచ్చాడని, ఆఫ్‌షోర్ వాళ్ళు లాగ్ ఫైలు మొత్తం పంపినప్పుడల్లా మా వాళ్ళు జోకులేస్తుంటారు. నన్నడిగితే ఆ పని చాలా తెలివైనది. తెలియనప్పుడు ఏదో ఒక ఆకు పీక్కొచ్చేకన్నా కొండ తేవడమే మేలు.)

అయితే రామాయణంలో ఆ పని గెలిచింది. లంకకి నిప్పుపెట్టాక హనుమంతుడికే గుండె గుభేలుమంటుంది, ఈ మంటల్లో సీత కూడా కాలిపోయిందేమోనని. అదృష్టం, కాలేదు. ఒకవేళ ఏదైనా అయి ఉంటే రాముడు ఏమనేవాడో మనకి తెలిసే అవకాశం లేదు. పని చెడినప్పుడు అప్పగించినవాడు ఏం చెయ్యాలన్నది చూడాలంటే చరిత్రలోకి రావాలి.

1944 జూన్ 6న నార్మండీ తీరం మీద దాడికి ముందు, జనరల్ ఐసెన్‌హోవర్ ఒక చిన్న కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకుని దగ్గర పెట్టుకున్నాడు. దాడి విఫలమైతే ప్రపంచానికి చెప్పవలసిన మాటలవి. సైనికులు, వైమానికులు, నావికులు చెయ్యగలిగినదంతా చేశారని, నింద అంటూ ఉంటే అది తన ఒక్కడిదేనని వాటి సారాంశం. ఎంత కంగారులో రాశాడో గానీ తేదీ జూన్‌కి బదులు జులై అని వేశాడు. ఆ కాగితం కాన్సాస్ రాష్ట్రంలో అబిలీన్‌లోని ఆయన గ్రంథాలయంలో ఉంది. దాని ఫొటో చూస్తే నాకు అన్నిటికన్నా ఆసక్తిగా కనపడింది అందులో ఉన్న కొట్టివేత. మొదట, దళాలు వెనక్కి తీసుకోబడ్డాయి అన్న ధోరణిలో రాశాడు. దాన్ని కొట్టేసి, నేను వెనక్కి తీసుకున్నాను అని దిద్దాడు. లక్షన్నర మందికి పైగా సైనికులు తీరంలో దిగబోతున్న పూట, ఆ మనిషి కూర్చుని కర్మణి ప్రయోగాన్ని కర్తరి ప్రయోగంగా మార్చాడు. మన ఆఫీసు మెయిళ్ళలో 'పొరపాటు జరిగింది' అని రాస్తాం చూడండి, వాన కురిసినట్టు, తెల్లవారినట్టు, దానంతటదే జరిగిపోయినట్టు. ఆ వాక్యానికి కర్తని వెతికితే చివరికి రెండేళ్ళ అనుభవం ఉన్న కుర్రాడు దొరుకుతాడు.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ శ్రీహరికోటది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగం. దానికి బాధ్యుడు అబ్దుల్ కలాం. రాకెట్టు ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టకుండానే బంగాళాఖాతంలో పడింది. అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ విలేకరుల ముందుకి తనే వెళ్ళి బాధ్యత నాదన్నారనీ, 1980 జులై 18న రాకెట్టు రోహిణిని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం విలేకరులతో నువ్వే మాట్లాడమని తనని పంపారనీ కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. ఈ కథ మీరూ వినే ఉంటారు. చెప్పేవాళ్ళంతా దీన్ని ధావన్ గారి ఔదార్యంగా చెప్తారు, ఆయనేదో తనది కానిది నెత్తినేసుకున్నట్టు. నాకు అలా కనపడదు. జవాబుదారీ ఆయన కలాంకి ఎప్పుడూ ఇవ్వనేలేదు, ఇవ్వడానికి వీలయ్యేది కూడా కాదు. తన దగ్గరున్నదాన్ని తనదేనని చెప్పారు, అంతే. అది చేసేవాళ్ళు అరుదు కనక మనకి అంత గొప్పగా కనిపిస్తుంది. నిజంగా గొప్ప పని ఇంకోటుంది. పడిపోయిన రాకెట్టుని మళ్ళీ అదే మనిషి చేతిలో పెట్టారు. పదకొండు నెలల తర్వాత ఆ ప్రయోగానికి ఇంకొకరిని తెచ్చి పెట్టి ఉంటే, ప్రెస్ మీట్‌లో ఎంత పెద్ద మనసు చూపించినా దానికి విలువుండేది కాదు.

"అన్నీ పైవాడే మోస్తే కిందివాడికి బాధ్యత ఎప్పటికి తెలుస్తుంది?" అని నా స్నేహితుడొకడు వాదిస్తాడు. మంచి ప్రశ్నే. బయట నాది అన్నంత మాత్రాన లోపల మాట్లాడుకోకూడదని కాదు గదా. తలుపేసుకుని కూర్చుని, ఎక్కడ తప్పావో చెప్పు అని అడగొచ్చు, గట్టిగానే అడగొచ్చు. ముప్ఫై మంది ముందు పేరు చదివితే మనిషి నేర్చుకునేది బాధ్యత కాదు, తెలియనప్పుడు కూడా నోరు మూసుకోవడం. ఆ కుర్రాడి తర్వాత ఆ స్థానంలోకి వచ్చినతను ప్రతి చిన్నదానికీ పదిమందిని కాపీలో పెట్టి మెయిలు రాసేవాడు. పని సగానికి సగం నెమ్మదించింది. ఎవరూ తప్పు మాత్రం చెయ్యలేదు.

ఇక్కడ మనవాళ్ళకి ప్రత్యేకంగా ఓ చిక్కుంది. కాదనగలిగే మనిషికిస్తేనే అది అప్పగింత. కాదనలేనివాడికిస్తే పురమాయింపే, ఎంత మెత్తగా చెప్పినా. హెచ్‌-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం దొరికేది మహా అయితే 60 రోజులు. ఈలోగా ఇంకో ఉద్యోగమో, ఇంకో వీసాయో చూసుకోవాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. ఇంటి మీద అప్పు, బళ్ళో పిల్లలు, గ్రీన్‌కార్డు క్యూలో గడిచిపోయిన ఏళ్ళు. శుక్రవారం సాయంత్రం "ఈ వీకెండ్ కొంచెం చూస్తావా?" అని అడిగితే అలాంటి మనిషి నవ్వుతూ "ష్యూర్" అంటాడు. ఆ ష్యూర్‌ని ఒప్పుకోలుగా లెక్కేసుకునే హక్కు అడిగినవాడికి లేదు. పాపం అడిగిన అమెరికన్ మేనేజరుకి చాలాసార్లు ఈ సంగతే తెలియదు. తెలిసి అడిగేవాళ్ళు మన మేనేజర్లే, ఒకప్పుడు అదే వీసా మీద అదే నవ్వు నవ్వినవాళ్ళు.

అప్పగించకూడని పనులు కొన్నుంటాయి. అవి చాలా తక్కువ. క్షమాపణ చెప్పడం ఒకటి. చెడ్డ కబురు చెప్పడం ఒకటి. 2022 చివర్లో, 2023 మొదట్లో పెద్ద పెద్ద టెక్నాలజీ కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు చాలామందికి ఆ సంగతి తెల్లవారుజామున వచ్చిన ఈమెయిలు ద్వారానే తెలిసింది. ఏళ్ళ తరబడి పక్కన కూర్చున్న మేనేజరు నోటితో కాదు. కొందరు మేనేజర్లకి కూడా అప్పుడే తెలిసిందంటారు. కబురు మోసే పని సర్వరుకి పురమాయించారు. నిర్ణయం ఎవరిదో వెతికితే ఎవరూ దొరకరు.

ఇప్పుడు కోడ్ రాసే కృత్రిమ మేధ వచ్చాక ఈ ప్రశ్న ఇంకా చిత్రంగా తయారైంది. యంత్రానికి పని చెప్తే కాదనదు, దానికి థాంక్స్‌గివింగ్ లేదు, వీసా లేదు. ఖాళీ తేదీ కనపడితే అది కూడా నదురూ బెదురూ లేకుండా ఏదో ఒకటి నింపేస్తుంది, పైగా ఎందుకు నింపిందో ముచ్చటైన ఇంగ్లీషులో వివరిస్తుంది. కాలేజీ నుంచి నిన్న వచ్చిన పిల్లలు కూడా పని ఇచ్చేవాళ్ళైపోయారు, పని తీసుకోవడమంటే ఏమిటో తెలియకముందే. తప్పు దొర్లినప్పుడు "ఏఐ అలా రాసిందండీ" అనడం నేనిప్పటికే విన్నాను. 'పొరపాటు జరిగింది'కి అది ఇంకో రూపం. ప్రాజెక్టులోంచి తీసెయ్యడానికి యంత్రానికి ఇంటిపేరు కూడా లేదు కనక, ఈసారి జవాబుదారీ ఎక్కడుందో ఇదివరకటికన్నా స్పష్టంగా కనపడుతుందని నా ఆశ. ఎటు తిరుగుతుందో చూడాలి.

నా మట్టుకు నేను, ఎవరికైనా పని ఇచ్చేటప్పుడు మెయిల్లో మూడు సంగతులు అదనంగా రాస్తాను. ఇది ఎవరికోసం, తేడా వస్తే ఎవరికి కష్టం. నన్ను అడక్కుండా నువ్వు ఏం నిర్ణయించచ్చు, ఎక్కడ ఆగిపోవాలి. ఆగితే నువ్వు సంజాయిషీ ఇవ్వక్కర్లేదు, నేను చెప్పుకుంటాను, ఇదిగో నా ఫోన్ నంబరు, రాత్రైనా చెయ్యి. మొదటి రెండూ అందరూ చదువుతారు. మూడోదాన్ని మర్యాదకి రాసిందనుకుంటారు. రెండేళ్ళలో ఆ ఫోను ఒక్కసారే మోగింది, అర్ధరాత్రి దాటి రెండున్నరకి. విశాఖపట్నం నుంచి మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి. "సారీ సార్, లేపేశాను, మళ్ళీ చెయ్యనా?" అంది ముందుగా. ఒక ఫైలులో రెండు కాలమ్‌ల వరస మారింది, ఎక్కించాలా ఆపాలా అని అడిగింది. చూడబోతే అది పెద్ద సమస్యేం కాదు, పది నిమిషాల్లో తేలిపోయింది. మంచి పని చేశావమ్మా అని ఫోన్ పెట్టేశాను. మళ్ళీ నిద్ర పట్టలేదు. లేచి కాఫీ కలుపుకున్నాను.